మూడో సిలిండర్‌లో ముక్క, రెండో సిలిండర్ దగ్గర ఖాళీ: ఒక డీజిల్ ఇంజిన్ కేస్

ఇంజిన్ లోపల తెలియని ముక్క ఏదైనా దొరికితే అందరూ ముందు అడిగేది "ఇది ఏం పార్టు?" అనే. నేను ముందు వెతికేది అది ఊడిపోయిన ఖాళీని. పేరు తెలిసినంత మాత్రాన పని పూర్తి కాదు. ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో, దానితో పాటు ఇంకేమైనా వచ్చిందో తేలకుండా ఇంజిన్ బిగిస్తే అదే పని మళ్లీ చేయాల్సి వస్తుంది. ఈ కేసులో ముక్క పేరు తొందరగానే దొరికింది. కానీ అది దొరికిన సిలిండర్ ఒకటి, ఊడిన చోటు ఇంకొకటి. ఆ లెక్క తేల్చడంలోనే అసలు శ్రమంతా ఉంది.

బండి వివరాలు క్లుప్తంగా. నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు ఉన్న కామన్ రైల్ డీజిల్ ఇంజిన్. సిలిండర్లను పైనుంచి మూసే హెడ్డు, వాటికి గాలిని పంచే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ రెండూ అల్యూమినియం. గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, పొగలో కొంత తిరిగి ఆ గాలిలోనే కలిపే ఈజీఆర్ ఉన్నాయి. ప్రతి సిలిండర్‌కీ రెండు ఇన్‌టేక్ దారులు ఉంటాయి. వాటిలో ఒకదానికి అడ్డంగా పల్చటి రేకు తలుపు ఉంటుంది. దీన్ని స్వర్ల్ ఫ్లాప్ అంటారు. తక్కువ వేగంలో ఈ తలుపు మూసుకుంటే గాలంతా రెండో దారిలోంచి వేగంగా దూరి సిలిండర్‌లో సుడి తిరుగుతుంది, డీజిల్ బాగా కలుస్తుంది. వేగం పెరిగితే తలుపు తెరుచుకుంటుంది. నాలుగు ఫ్లాపులూ ఒకే ఉక్కు కడ్డీ మీద, ఒక్కోటి రెండేసి చిన్న స్క్రూలతో బిగించి ఉంటాయి. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి.

ఓనర్ చెప్పింది

పొద్దున స్టార్ట్ చేసి కొంచెం దూరం వెళ్లాక, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే ఒక్కసారిగా "టక టక" మొదలైంది. ఇంజిన్ ఊగిపోయింది, వెనక నుంచి తెల్లటి పొగ వచ్చింది. ఆయన వెంటనే పక్కకి ఆపి, ఆఫ్ చేసే ముందు ఫోన్‌లో ఆ శబ్దాన్ని కాసేపు రికార్డు చేశాడు. బండిని మొదట లాక్కెళ్లిన చోట "రాడ్ బేరింగ్ పోయింది, ఇంజిన్ దించాలి" అన్నారట. ఆ మాట మీద నమ్మకం కుదరక నా దగ్గరికి తీసుకొచ్చాడు. బండిని మళ్లీ స్టార్ట్ చేసి వినిపిస్తానన్నాడు. వద్దన్నాను. కొత్తగా, ఒక్కసారిగా మొదలైన లోహపు శబ్దం ఉంటే, కారణం తెలిసేదాకా ఆ ఇంజిన్‌ను స్వయంగా తిరగనివ్వను.

ఆ వీడియో మాత్రం బాగా పనికొచ్చింది. శబ్దాన్ని నెమ్మది చేసి లెక్కపెడితే సెకనుకి దాదాపు 13 దెబ్బలు వినిపించాయి. ఆ సమయంలో మీటర్‌లో సూది 800 ఆర్పీఎమ్ దగ్గర ఉంది. అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, క్రాంక్, సెకనుకి 13 చుట్లకి కాస్త పైగా తిరుగుతోంది. వాల్వుల వైపు శబ్దమైతే వాటిని తెరిచే క్యామ్ వేగంతో, అంటే అందులో సగం లెక్కన, సెకనుకి ఆరో ఏడో దెబ్బలు వినపడాలి. ఇక్కడ క్రాంక్ చుట్టుకి ఒక దెబ్బ పడుతోంది. కాబట్టి పిస్టన్ పైకి వచ్చిన ప్రతిసారీ ఏదో తగులుతోంది, లేదా కింద పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్ దగ్గర ఏదో వదులైంది. ఈ లెక్కతో అంతకంటే ముందుకు పోలేం, కానీ వాల్వుల పైనుండే ట్యాపెట్ కవర్ విప్పే పని తప్పింది.

తర్వాత క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తో నెమ్మదిగా తిప్పాను. మూడో పిస్టన్ పైకి చేరే ముందు ఒక చోట చిన్నగా అడ్డుపడినట్టు తగిలింది. బలం పెడితే దాటిపోయేలా ఉంది. పెట్టలేదు. బేరింగ్ పోయిన ఇంజిన్ ఇలా ఒకే చోట ఆగదు. ఇక ఇంజెక్టర్లు విప్పడం మొదలుపెట్టాను.

కెమెరాలో కనిపించింది

మూడో సిలిండర్ ఇంజెక్టర్ రంధ్రంలోంచి 4 మి.మీ. కెమెరా దింపితే పిస్టన్ తల కొత్తగా గంట్లు కొట్టిన సన్నెకల్లులా ఉంది. అంచు చుట్టూ గుంటలు, మధ్యలో ఉన్న గిన్నెలాంటి పల్లంలో ఒక నల్లటి ముక్క. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దాని అంచుకీ హెడ్డుకీ మధ్య ఉండే సందు ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ మాత్రమే. అంతకంటే మందం ఉన్నది ఏది అక్కడ పడినా నలిగిపోవాల్సిందే. కానీ గిన్నె పల్లంలోకి జారితే కొంత బతుకుతుంది. ఈ ముక్క అంచు మీద కొన్ని దెబ్బలు తిని, చివరికి పల్లంలో చేరినట్టుంది. గుర్తుపట్టే వీలు మిగిలింది కూడా అందువల్లే.

మిగతా మూడు సిలిండర్లూ చూశాను. ఒకటి, నాలుగు శుభ్రంగా ఉన్నాయి. రెండో దాంట్లో ముక్క ఏదీ లేదు, కానీ పిస్టన్ అంచు మీద లోతు లేని గుంటలు నాలుగైదు ఉన్నాయి. ఈ గుంటలు పాతవా కొత్తవా అన్నది ముఖ్యం. పాతవైతే వాటి లోపల కూడా మసి పేరుకుని ఉంటుంది. ఇవి మెరుస్తున్నాయి. మూడో దాంట్లోవి కూడా అలాగే మెరుస్తున్నాయి. రెండు సిలిండర్లలో కొత్త దెబ్బలు, ముక్క మాత్రం ఒక్కదాంట్లో. ఇక్కడే కేసు ఆసక్తికరంగా మారింది.

కంప్రెషన్ ఈ దశలో చూడలేదు. చూడాలంటే స్టార్టర్‌తో ఇంజిన్ తిప్పాలి, లోపల ముక్క ఉండగా ఆ పని చేయను. దాని బదులు, పిస్టన్ కంప్రెషన్ దశ చివర పైన ఉన్నప్పుడు రెండు వాల్వుల జతలూ మూసి ఉంటాయి కాబట్టి, ఇంజెక్టర్ రంధ్రంలోంచి గాలి పెట్టి ఎక్కడి నుంచి కారుతోందో విన్నాను. మూడో దాన్ని అడ్డు తగిలే చోటికి కాస్త ముందే ఆపి పెట్టాను. అక్కడి గాలి ఇన్‌టేక్ వైపు నుంచి బుసబుసా వచ్చేస్తోంది. ఇన్‌లెట్ వాల్వు ఒకటి వంగిందని అర్థం. ఇక హెడ్డు తీయక తప్పదని ఓనర్‌కి చెప్పాను. "మరి బేరింగో?" అన్నాడు. బేరింగ్ సంగతి కింద నుంచి చూసుకుందాం, ముందు పైన ఉన్నది బయటికి రానీ అన్నాను.

ముక్కను చూసిన తీరు

హెడ్డు తీశాక ముక్క చేతికి వచ్చింది. పొడవు సుమారు ఒక సెంటీమీటరు, ఒక వైపు రేకులా నలిగి, రెండో వైపు లావుగా ముద్దలా ఉంది. అంతా మసి. ఇలాంటిది దొరగ్గానే చాలామంది వైర్ బ్రష్ పట్టుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ ముక్క మీది గీతలే మనకున్న సాక్ష్యం. ముందు స్కేలు పక్కన పెట్టి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాను. (స్కేలు లేకుండా అరచేతిలో పెట్టి తీసిన ఫోటోలు నాకు చాలానే వస్తుంటాయి. వాటితో ఎవరికీ ఉపయోగం లేదు.) తర్వాత కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, మెత్తటి పళ్ల బ్రష్‌తో మాత్రం తోమాను.

మొదటి పరీక్ష అయస్కాంతం. చవకైనది, కానీ సరిగ్గా వాడితే సగం అనుమానాలు తీసేస్తుంది. ఈ ముక్క అయస్కాంతానికి అంటుకుంది, కానీ బలహీనంగా. మామూలు ఉక్కు టక్కున ఎగిరి అతుక్కుంటుంది. ఇది దగ్గరికి పెడితే మెల్లగా కదిలింది, వేలితో తాకితే ఊడిపోయింది.

ఈ "బలహీనంగా" అన్న మాట చుట్టూ చాలా తిరిగాను, ఎందుకంటే డీజిల్ సిలిండర్‌లో ముక్క అనగానే మొదట అనుమానించేది గ్లో ప్లగ్ (చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడానికి లోపల వేడెక్కే కడ్డీ) కొనని. దాని పైతొడుగు సాధారణంగా నికెల్ మిశ్రమం, అది అయస్కాంతానికి అంటుకోదు. పైగా నాలుగు గ్లో ప్లగ్‌లూ విప్పి చూస్తే కొనలు నిక్షేపంగా ఉన్నాయి. ఇంజెక్టర్ నాజిల్ కొనలూ అంతే. ఎగ్జాస్ట్ వాల్వు తల అంచు విరిగిందా అంటే, ఆ వాల్వు తలలకి వాడే ఉక్కు చాలావరకు అయస్కాంతానికి అంటుకోని రకం. ఇన్‌లెట్ వాల్వుదైతే బలంగా అంటుకోవాలి. వాల్వు మూసుకున్నప్పుడు ఆనే సీటు రింగు ఇనుప పొడిని నొక్కి కాల్చి చేస్తారు. అది పెళుసు, దెబ్బ పడితే పదునైన అంచులతో పగులుతుంది తప్ప ఇలా రేకులా సాగదు. పిస్టన్ రింగు ముక్కకి వంపు ఉంటుంది, దాన్నీ ఇలా నలపలేం. డీజిల్ పిస్టన్‌లో పై రింగు గాడికి బలం కోసం నికెల్ ఎక్కువగా ఉన్న పోత ఇనుము కట్టు వేస్తారు. అది కూడా అయస్కాంతానికి పెద్దగా స్పందించదు కాబట్టి దాని మీద ఒక చూపు వేశాను. మూడో పిస్టన్ పై గాడి చెక్కుచెదరలేదు. టర్బో గాలి వైపు చక్రం అల్యూమినియం. అది విరిగినా అయస్కాంతానికి అంటుకోదు, పైగా దారిలో ఇంటర్‌కూలర్ ఉంది.

ఇలా తీసేస్తూ పోతే, విరగకుండా సాగే గుణం ఉండి, అయస్కాంతానికి కొద్దిగా మాత్రమే అంటుకునే లోహం ఒకటి మిగిలింది. స్టెయిన్‌లెస్ స్టీల్. మామూలు స్టెయిన్‌లెస్ బోల్టులు చేసే 304 రకం అయస్కాంతానికి అంటుకోదని అందరూ అనుకుంటారు. కానీ దాన్ని చల్లగా ఉన్నప్పుడు బాదినా, వంచినా, నొక్కి మరలు తీసినా లోపలి స్ఫటికాల అమరిక కొంత మారి కాస్త అయస్కాంత గుణం వస్తుంది. ఈ ముక్క ఎన్ని దెబ్బలు తిందో పిస్టన్ తలే చెబుతోంది.

సరి చూసుకోవడానికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వాడాను. మైలుతుత్తం నీళ్లలో కలిపి, ముక్క మీద ఒక శుభ్రమైన అంచున ఒక బొట్టు వేశాను. మామూలు ఉక్కయితే నిమిషాల్లో అక్కడ రాగి రంగు పొర కట్టాలి. పక్కనే ఒక మామూలు ఉక్కు బోల్టు మీద వేసిన బొట్టు ఎర్రబడింది, ముక్క మీద వేసింది నీలంగానే ఉండిపోయింది. ఈ పరీక్షకి ఒక షరతు ఉంది. ముక్క ఇనుప భాగాలకి రాసుకుని ఉంటే పైన అంటిన ఇనుము వల్ల అక్కడక్కడ రాగి మచ్చలు రావచ్చు. అందుకే అంచుని శుభ్రం చేసుకోవాలి.

ఇక భూతద్దం. లావుగా మిగిలిన వైపు, ఒక పక్కన సన్నని గట్లు వరసగా కనిపించాయి. అవి మరలే. మొదటి గట్టు నుంచి ఐదో గట్టు దాకా కొలిస్తే 2.8 మి.మీ. మధ్యలో నాలుగు సందులు కాబట్టి ఒక్కో మర దూరం 0.7 మి.మీ. మెట్రిక్ స్క్రూల్లో మామూలు మర దూరాలు స్థిరంగా ఉంటాయి: ఎం3కి 0.5, ఎం4కి 0.7, ఎం5కి 0.8, ఎం6కి 1.0. నలిగిన లోహం సాగుతుంది కాబట్టి తక్కువ నలిగిన వైపే కొలవాలి. నేను కొలిచిన వైపు గట్ల మధ్య దూరం ఒకేలా ఉంది, సాగి ఉంటే ఒక చివర ఎక్కువ, ఒక చివర తక్కువ వచ్చేది. ముద్దలా ఉన్న రెండో కొసలో ఒక మూల చిన్న గాడి, దానికి అడ్డంగా ఇంకో గాడి మొదలు. ప్లస్ గుర్తు గాడిలో పావు వంతు.

అంటే ఎం4 సైజు, ప్లస్ తల, స్టెయిన్‌లెస్ స్క్రూ. పేరు తెలిసింది. ఇప్పుడు చిక్కు ఏమిటంటే, ఈ ఇంజిన్‌లో గాలి వెళ్లే దారిలో కంపెనీ పెట్టిన అలాంటి స్క్రూ ఒక్కటీ ఉండకూడదు. ఫ్లాపుల స్క్రూలు ఎం4 సైజే, కానీ ఈ మోడల్‌లో వాటికి టార్క్స్ తల (నక్షత్రం ఆకారపు గాడి) ఉంటుంది. అవి మామూలు ఉక్కు, పైగా బిగించాక చివర కొట్టి వెడల్పు చేస్తారు, ఊడి రాకుండా.

ఖాళీ దొరికింది

మ్యానిఫోల్డ్ విప్పి తిరగేశాను. నాలుగు ఫ్లాపులకి కలిపి ఎనిమిది స్క్రూలు ఉండాలి. ఏడే ఉన్నాయి. లేనిది రెండో సిలిండర్ ఫ్లాపుది, మూడో దానిది కాదు. ఆ ఫ్లాపు ఒక్క స్క్రూ మీద వేలాడుతూ వంకరగా ఉంది. మిగిలిన ఏడూ ప్లస్ తలలే, తళతళ మెరిసే స్టెయిన్‌లెస్. వాటిలో రెండింటిని వేళ్లతో తిప్పితే తిరిగాయి. ఒక్కదాని చివరా కొట్టి వెడల్పు చేయలేదు, మరలకి పట్టి ఉంచే జిగురు ఆనవాళ్లు లేవు.

ఓనర్‌ని అడిగితే ఏడాది కిందట ఇన్‌టేక్ కార్బన్ క్లీనింగ్ చేయించానని చెప్పాడు. డీజిల్‌లో ఈజీఆర్ నుంచి వచ్చే మసి, క్రాంక్‌కేస్ నుంచి వచ్చే నూనె ఆవిరి కలిసి మ్యానిఫోల్డ్‌లో తారులా గట్టిపడతాయి. ఫ్లాపులు బిగుసుకుపోతాయి. అది శుభ్రం చేయడం మంచిదే. కానీ సులువుగా తోమడం కోసం ఫ్లాపులు విప్పడమే ప్రాణం మీదికి తెచ్చింది. చివర వెడల్పు చేసిన స్క్రూని బలవంతంగా తిప్పి తీస్తే, ఆ వెడల్పు చివర కడ్డీలోని మరలను చీల్చుకుంటూ బయటికి వస్తుంది. ఆ పాడైన మరల్లో కొత్త స్క్రూ బిగినట్టే అనిపిస్తుంది. ఆ తర్వాత ఇంజిన్ అదురు, ఈజీఆర్ వేడి, ఫ్లాపు రోజూ తెరుచుకుని మూసుకోవడం, అన్నీ కలిసి వదులు చేసేస్తాయి. తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ ఎంచుకుని ఉంటారు. చేసినవాళ్ల ఉద్దేశం చెడ్డదని నేననను. స్క్రూలు మార్చడం ఒక ఎత్తు, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో స్క్రూలు మార్చడం ఇంకో ఎత్తు. రెండో పని చేసేవాళ్లకి ఆ తేడా తెలిసి ఉండాలి.

రెండు నుంచి మూడుకి ఎలా వెళ్లింది

ఓనర్‌కి నమ్మకం కలగని చోటు ఇదే. గాలి లోపలికే కదా వెళ్తుంది, రెండో దాంట్లో పడ్డది మూడో దాంట్లోకి ఎలా వస్తుంది అన్నాడు. న్యాయమైన ప్రశ్న.

గాలి ఎప్పుడూ లోపలికే వెళ్లదు. పిస్టన్ కిందికి దిగి మళ్లీ పైకి రావడం మొదలుపెట్టిన తర్వాత కూడా ఇన్‌లెట్ వాల్వు కొంతసేపు తెరిచే ఉంటుంది. వేగంగా తిరిగేటప్పుడు గాలికి ఉన్న ఊపు వల్ల అది లోపలికే దూరుతుంది. ఐడిల్‌లో, స్టార్టింగ్‌లో ఆ ఊపు చాలదు, పైకి వచ్చే పిస్టన్ కొంత గాలిని మ్యానిఫోల్డ్‌లోకి వెనక్కి నెట్టేస్తుంది. ఎగ్జాస్ట్, ఇన్‌లెట్ వాల్వులు రెండూ కాస్త తెరిచి ఉండే క్షణంలోనూ వెనక్కి ఊదడం జరుగుతుంది. ముక్క వాల్వుకీ సీటుకీ మధ్య ఇరుక్కుంటే ఇంక చెప్పక్కర్లేదు. వాల్వు మూసుకోదు, కంప్రెషన్ అంతా ఆ సందులోంచి మ్యానిఫోల్డ్‌లోకి కొడుతుంది, ముక్క కూడా దానితో ఎగురుతుంది. మ్యానిఫోల్డ్‌లో పడ్డాక పక్కనే మూడో సిలిండర్ నోరు తెరుచుకుని ఉంటుంది.

సాక్ష్యం కూడా దీనికే సరిపోయింది. రెండో సిలిండర్‌లో ఒక ఇన్‌లెట్ సీటు మీద ముక్క నొక్కుకున్న గుర్తు ఉంది, పిస్టన్ మీద తక్కువ గుంటలు. మూడో దాంట్లో ఎక్కువ గుంటలు, వంగిన వాల్వు, ముక్క. రెండో దాని గుంటల్లో మరల గట్ల అచ్చు స్పష్టంగా పడింది, మూడో దాంట్లో అచ్చులు చదునుగా ఉన్నాయి. స్క్రూ ఇంకా స్క్రూలా ఉన్నప్పుడు తిన్న దెబ్బలు రెండో దాంట్లోవి, నలిగాక తిన్నవి మూడో దాంట్లోవి. ఆ వరస అంతకంటే బాగా చెప్పే సాక్షి ఇంకెవరూ ఉండరు. దీన్ని భూతద్దంలో ఓనర్‌కి చూపించాక ఆయన ఇంకేమీ అడగలేదు.

ఈ సంగతి తెలియక జరిగే పొరపాటు ఒకటి ఉంది. ముక్క దొరికిన సిలిండర్‌నే బాగు చేసి, పక్కవాటిని చూడకుండా హెడ్డు బిగించేస్తారు. నాలుగింటినీ, వాటి దారులనూ చూడాలి.

తూకం

మిగిలిన ఏడు స్క్రూల్లో ఒకదాన్ని తూచాను, 1.31 గ్రాములు. 0.01 గ్రాము దాకా చూపించే చిన్న తూకం యంత్రం ఇలాంటి చోట కావాలి. లోహం ఎంత నలిగినా బరువు పోదు. బరువు తగ్గితే ఎక్కడో ముక్క విరిగి పోయిందని లెక్క. దొరికిన ముక్కకి పిస్టన్ అల్యూమినియం కొంత పూసుకుని ఉంది, అది ఉంటే తూకం తప్పుతుంది. కాస్టిక్ సోడా నీళ్లలో వేస్తే అల్యూమినియం కరిగిపోతుంది, ఉక్కు అలాగే ఉంటుంది. (చేతికి తొడుగులు, కళ్లకి అద్దాలు పెట్టుకుని, గాలి ఆడే చోట, నిప్పుకి దూరంగా చేయాలి. ఆ చర్యలో హైడ్రోజన్ వస్తుంది.) కడిగి ఆరబెట్టి తూస్తే 0.94 గ్రాములు. అంటే 0.37 గ్రాములు లేవు.

ఆ 0.37 గ్రాముల కోసం వెతికాను. పిస్టన్ తలలో, హెడ్డు అడుగున అల్యూమినియంలో గుచ్చుకున్న చిన్న రవ్వలు కొన్ని కనిపించాయి. వాటిని తూచడం కుదరదు. తర్వాత ఎగ్జాస్ట్ వైపు. సిలిండర్‌లోంచి బయటికి వెళ్లేది ఏదైనా నేరుగా టర్బో టర్బైన్ చక్రానికి తగులుతుంది. టర్బో తీసి చూస్తే టర్బైన్ రెక్కల అంచుల్లో మూడు చోట్ల పంటి గాట్లు. దాని వెనక క్యాటలిటిక్ కన్వర్టర్ ముందు ముఖం మీద రెండు పెచ్చులు ఇరుక్కుని ఉన్నాయి. పట్టుకారుతో తీసి తూస్తే రెండూ కలిపి 0.21. మిగిలిన 0.16 ఆ గుచ్చుకున్న రవ్వలకీ, పొడిగా పోయినదానికీ సరిపోయే పరిమాణమే. ఇంజిన్ లోపల ఇంకో పెద్ద ముక్క దాగి లేదని చెప్పగలిగే స్థితికి వచ్చాను. ఆ తూకం లేకపోతే టర్బో విప్పి ఉండేవాణ్ణి కాదేమో. బయటి నుంచి చూస్తే షాఫ్ట్ ఆట, అంటే దాని ఇరుసు వదులు, మామూలుగానే ఉంది.

ఏం మార్చాం, ఏం ఉంచాం

మూడో పిస్టన్ మార్చాం. అంచు మీద దెబ్బలు పై రింగు గాడి దాకా ప్రభావం చూపి, రింగు ఒక చోట బిగుసుకుంది. రెండో పిస్టన్ ఉంచాను. గుంటలు లోతు లేనివి, రింగులు చక్కగా తిరుగుతున్నాయి. లేచిన పదును అంచుల్ని మాత్రం నునుపు చేశాను, అలాంటి మొనలు మంటలో విపరీతంగా వేడెక్కుతాయి. రెండో పిస్టన్ కూడా మారుద్దామని ఓనర్ అన్నా వద్దన్నాను. బాగున్న పార్టుని భయంతో మార్చడం నాకు నచ్చదు.

కనెక్టింగ్ రాడ్డు వంగిందా అన్న అనుమానం ఉండేది. పిస్టన్ తీయకముందే, ముక్క తీసేశాక, నాలుగు పిస్టన్లూ పూర్తిగా పైకి వచ్చినప్పుడు బ్లాకు ముఖం కంటే ఎంత పైకి వస్తున్నాయో డయల్ గేజ్‌తో కొలిచాను. రాడ్డు వంగితే ఆ సిలిండర్‌లో పిస్టన్ మిగతావాటి కంటే తక్కువ ఎత్తుకి వస్తుంది. నాలుగూ 0.62 నుంచి 0.65 మి.మీ. మధ్యే ఉన్నాయి. రాడ్డు బాగానే ఉంది. ఓనర్‌కి మాట ఇచ్చినట్టు ఆయిల్ చాంబర్ దించి బేరింగులు కూడా చూశాను, గీతలు లేవు. ఆయిల్ ఫిల్టర్‌ని కోసి మడతలు విప్పితే లోహపు పొడి కనపడలేదు.

బోరు మీద ఒక నిలువు గీత ఉంది, గోరుకి తగలలేదు, వదిలేశాం. హెడ్డు అడుగున వాల్వుల మధ్య సన్నటి గోడల్లో పగుళ్ల కోసం రంగు ద్రావణం పూసి చూశాం, ఏమీ లేదు. మూడో సిలిండర్ ఇన్‌లెట్ వాల్వులు రెండూ కొత్తవి, రెండో దాంట్లో నొక్కు పడిన సీటు కోసి, వాల్వు మార్చాం. కొత్త పిస్టన్ వేశాక మళ్లీ ఎత్తు కొలిచి, దాన్ని బట్టి హెడ్ గ్యాస్కెట్ మందం ఎంచుకున్నాం. ఈ ఇంజిన్‌కి గ్యాస్కెట్ రెండు మూడు మందాల్లో వస్తుంది, అంచున ఉన్న గాట్ల సంఖ్యతో గుర్తుపట్టాలి. పాత గ్యాస్కెట్ మందమే కళ్లు మూసుకుని తెప్పించడం ప్రమాదం.

టర్బో విషయంలో కాస్త వాదన జరిగింది. ఆట లేదు, శబ్దం లేదు, వదిలేయొచ్చుగా అన్నాడు ఓనర్. ఆ చక్రం లక్షన్నర ఆర్పీఎమ్ దాటి తిరుగుతుంది. రెక్క అంచున గాటు ఉంటే బ్యాలెన్స్ తప్పుతుంది, గాటు దగ్గర నుంచి పగులు కూడా మొదలుకావచ్చు. ఆ రెక్క విరిగితే నేను ఏ ముక్క కోసం వెతకాలో ఇంకో కేసు రాసుకోవాలి. చక్రాలూ ఇరుసూ కలిసి ఉండే టర్బో మధ్య భాగం, కార్ట్రిడ్జ్, మార్చాం.

మ్యానిఫోల్డ్ బాగు చేయలేదు, మొత్తం సెట్టు కొత్తది వేశాం. కడ్డీలో మరలు చీలిపోయాయి, ఎంత జిగురు పూసినా ఆ మరల మీద నేను నమ్మకం పెట్టను. పైగా మామూలు నీలం జిగురు సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వరకే పనిచేస్తుంది, ఈజీఆర్ వేడి తగిలే చోట దాని మీద ఆధారపడడం కష్టం. కొత్త మ్యానిఫోల్డ్ పెట్టే ముందు ఇంటర్‌కూలర్, పైపులు, మ్యానిఫోల్డ్ పాత దారులు అన్నీ కెమెరాతో చూసి, గాలితో ఊదాం.

బిగించాక స్టార్ట్ చేసే ముందు చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాం, ఎక్కడా అడ్డు తగల్లేదు. ఇప్పుడు కంప్రెషన్ చూడవచ్చు: ఒకటి 28 బార్, రెండు 27.5, మూడు 27, నాలుగు 28. మూడో దాంట్లో రింగులు కొత్తవి, ఇంకా కుదురుకోవాలి. ఐడిల్ సాఫీగా ఉంది, పొగ లేదు. కొన్ని వారాల తర్వాత ఆయిల్ మార్చడానికి వచ్చినప్పుడు మూడో దాన్ని మళ్లీ చూస్తే అది కూడా 28కి చేరింది.

వెళ్లేటప్పుడు ఓనర్ అడిగాడు: "ఈ ఫ్లాపులే లేకుండా చేసేస్తే గోలే ఉండదు కదా అన్నా, తీసేయొచ్చా?" చాలామంది తీసేస్తున్నారు, ఆ రంధ్రాలు మూసే బిళ్లలు కూడా అమ్ముతారు. తీసేస్తే ఇంజిన్ నడుస్తుంది. కానీ తక్కువ వేగంలో సుడి పోతుంది, మసి పెరుగుతుంది, అదే మసి మళ్లీ మ్యానిఫోల్డ్‌లోకే చేరుతుంది. ఫ్లాపు ఏ స్థితిలో ఉందో చెప్పే సెన్సర్ ఉన్న బండ్లలో హెచ్చరిక దీపం వెలుగుతుంది. పొగ పరీక్షలో ఇబ్బంది వేరే. ఫ్లాపులు ఉంచమనే చెప్పాను. క్లీనింగ్ అవసరమైతే మ్యానిఫోల్డ్ విప్పకుండా ఫ్లాపుల జోలికి వెళ్లకుండా ఎంతవరకు అవుతుందో అంతే చేయించమన్నాను. దానికి మించి మసి పడితే మ్యానిఫోల్డ్‌ను ద్రావణంలో నానబెట్టి శుభ్రం చేయొచ్చు, ముందు మోటారూ సెన్సరూ తీసి పక్కన పెట్టాలి. స్క్రూడ్రైవర్ మాత్రం ఫ్లాపుల దగ్గరికి రాకూడదు. పాత స్క్రూలు ఏడూ, ఆ ముక్కా ఒక కవర్లో వేసి ఓనర్‌కి ఇచ్చాను, క్లీనింగ్ చేసినవాళ్లకి చూపిస్తానన్నాడు.